ఆటలోని సొమ్మునకు కాపలా ఎవరిది?

2003వ సంవత్సరము ఫిబ్రవరి మాసములో చైనా రాజధాని బీజింగులో ఒక యువకుని సొత్తు దొంగిలింపబడెను. ఇంటి తలుపు విఱుగలేదు, పెట్టె తాళము ఊడలేదు, ఇరుగుపొరుగు వారెవ్వరికిని అలికిడియైనను వినబడలేదు. పోయినవి ఆయుధములు, అవియు ఉక్కుతో చేసినవి కావు. ‘ఎఱ్ఱ చంద్రుడు’ అను అర్థము గల పేరుతో నడచుచుండిన ఒక ఆన్‌లైన్ వీడియో ఆటలో, రెండేండ్లపాటు శ్రమించి, పదివేల యువానుల దాక వెచ్చించి, అతడు కూడబెట్టుకొన్న మాయాయుధములవి. ఒకనాడు ఆటలో ప్రవేశించి చూచుకొనగా అవి లేవు.

అతడు మొదట ఆటను నడపు సంస్థ కడకు పోయెను. ఆ వస్తువులను కాజేసిన ఆటగాని వివరములు చెప్పుటకు సంస్థవారు నిరాకరించిరి. పోలీసులును ఏమియు చేయజాలకపోయిరి. కంటికి కనబడుటయే కాని చేతికి అందని కత్తి పోయినదని వ్రాసికొనుటకు వారి పుస్తకములలో గడి యేది? తుదకు అతడు సంస్థపైననే వ్యాజ్యము వేసెను. ఆటలోని వస్తువులకు ఆటలోనే విలువ యనియు, తమ దృష్టిలో అవి యంత్రములోని సమాచారపు కుప్పలు మాత్రమే యనియు సంస్థ వాదించెను. 2003 డిసెంబరులో బీజింగు నగరమందలి చావోయాంగ్ మండల న్యాయస్థానము తీర్పు చెప్పెను. సంస్థ సర్వరులలో రక్షణ లోపములున్నవి. ఆ లోపములకు సంస్థయే బాధ్యురాలు. కావున పోయిన వస్తువులను సంస్థయే అతనికి తిరిగి చేర్చవలెను — ఇది తీర్పు సారాంశము. చైనాలో ఇట్టి వ్యాజ్యము ఇదియే మొదటిదని ఆనాటి పత్రికలు వ్రాసినవి.

పిల్లలాటకు న్యాయస్థానమా యని నవ్వినవారు ఆనాడు ఉండియుందురు. కాని ఆ తీర్పు తాకిన ప్రశ్న చిన్నది కాదు. తాళపుచెవి ఒకరి చేతిలో, బోషాణము వేఱొకరి యింట ఉన్నపుడు, సొమ్ము పోయినచో ఉత్తరవాది యెవరు? ఇరువదియేండ్లకు పైబడి ఆన్‌లైన్ ఆటల చరిత్రలో నలుగుచున్న ప్రశ్న ఇదియే. నేడు మన యిండ్లలో పిల్లలు ఫోనులపై ఆడు ఆటలు సైతము ఈ ప్రశ్నకు లోబడినవే గనుక, దీని పూర్వకథను కొంత చెప్పికొనుట యుక్తము.

ఆన్‌లైన్ ఆటలో ఆటగాని వేషము, అతడు గెలిచిన ఆయుధములు, కొన్న వస్తువులు ఏవియు అతని యింటి యంత్రములో ఉండవు. అవన్నియు సంస్థవారి సర్వరులలో అతని ఖాతా పేర వ్రాయబడి యుండును. ఆటగాని చేత ఉండునది పాస్‌వర్డు అను రహస్యపు మాట యొక్కటే. ఈ పాస్‌వర్డునకు ఆటలకంటె పెద్ద వయస్సు కలదు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 1961లో ఫెర్నాండో కోర్బాటో నాయకత్వమున ఒకే కంప్యూటరును పలువురు ఏకకాలమున వాడుకొను పద్ధతి సిద్ధమయ్యెను. ఒకరి దస్త్రములు మఱియొకరు తెఱవకుండుటకై మనిషికొక పాస్‌వర్డు ఏర్పాటు చేసిరి. యంత్రకాలము విలువైనది గనుక ఒక్కొక్కరికి వారమునకు కొలది గంటలే కేటాయించిరి.

1962లో ఆలన్ షెర్ అను పరిశోధక విద్యార్థికి ఆ గంటలు చాలలేదు. అతడు ఎవరి పాస్‌వర్డును ఊహింపలేదు, ఎవరి భుజము మీదినుండియు తొంగిచూడలేదు. పాస్‌వర్డుల పట్టికను అచ్చువేసి పెట్టుమని ఒక శుక్రవారము రాత్రి యంత్రమునకే చిల్లుల కార్డుతో ఆజ్ఞాపించి, మఱునాడు తెల్లవాఱుచుండగా పోయి ఆ కాగితమును తెచ్చుకొనెను. అందఱి గంటలును అతనివే అయ్యెను. ఈ సంగతి అతడే స్వయముగా పాతికేండ్ల తరువాత చెప్పుకొనువఱకు బయటపడలేదు. అదే యంత్రములో 1966లో ఇంకొక చిత్రము జరిగెను. రెండు దస్త్రములు తాఱుమాఱై, లోపలికి వచ్చిన ప్రతివారికి కనబడవలసిన నాటి ప్రకటనకు బదులు అందఱి పాస్‌వర్డుల జాబితా కనబడెను. ఈ రెండు సందర్భములలోను పాస్‌వర్డు గలవారి అజాగ్రత్త ఆవగింజంతయు లేదు. చెవులన్నియు గుత్తిగా వ్రేలాడదీసిన కొయ్య యజమాని యింటనే యున్నది. దొంగ పోయినది అక్కడికే. తరువాతి కాలములో ఆటగాండ్రకు నీతులు చెప్పినవారు ఈ మొదటి కథను అంతగా తలచుకొనలేదు.

ఆటలలో దొంగిలింపదగిన సొమ్ము చేరుటకు మాత్రము కొంత కాలము పట్టెను. 1978లో ఇంగ్లండునందలి ఎసెక్స్ విశ్వవిద్యాలయములో రాయ్ ట్రబ్‌షా ప్రారంభించి రిచర్డ్ బార్టిల్ కొనసాగించిన బహుజన క్రీడలో బొమ్మలు లేవు. అక్షరములే కోటలు, అక్షరములే నిధులు. 1997లో అల్టిమా ఆన్‌లైన్, 1999లో ఎవర్‌క్వెస్ట్ అను ఆటలు వచ్చిన పిమ్మట రంగము మాఱెను. నెలసరి చందా కట్టి వేలకొలది జనులు ఒకే కల్పిత లోకములో సంచరింపసాగిరి. అక్కడి ఖడ్గములను, బంగారమును ఇంటర్నెటులోని వేలముపాటలలో నిజమైన డాలర్లకు అమ్ముకొనసాగిరి. ఎడ్వర్డ్ కాస్ట్రొనోవా అను ఆర్థిక శాస్త్రజ్ఞుడు 2001లో ఆ వేలపు ధరలను ఆధారముగా గొని ఎవర్‌క్వెస్ట్‌లోని నొరాత్ అను కల్పిత లోకమునకు లెక్క కట్టెను. అచ్చట తలసరి ఉత్పత్తి రష్యాకును బల్గేరియాకును నడుమ నిలుచునని తేల్చెను. లేని దేశమునకు లెక్క తేలిన తరువాత అచ్చటికి దొంగలు పోవుటలో వింత యేమున్నది?

ఆ సొమ్మును చట్టము సొమ్ముగా ఎంచునా అను సందేహము మిగిలెను. నెదర్లాండ్సులో 2007లో ఇద్దఱు పిల్లలు తమ తోటి బాలుని ఒకనిని కొట్టి, కత్తి చూపి బెదిరించి, రూన్‌స్కేప్ అను ఆటలోనికి వాని చేతనే ప్రవేశింపజేసి, వాని తాయెత్తును, ముఖకవచమును తమ ఖాతాకు మార్చుకొనిరి. ముట్టుకొనుటకు వీలులేని వస్తువును దొంగిలించుట యెట్లని వారి తరపున వాదము. ఆ దేశపు ఉన్నత న్యాయపీఠమునకు ఇట్టి చిక్కు క్రొత్త కాదు. 1921లో హేగ్ నగరపు దంతవైద్యుడొకడు అల్లిక సూదితో విద్యుత్ మీటరును ఆపి కరెంటు వాడుకొన్నపుడు, విద్యుత్తును చేత పట్టలేకపోయినను దొంగిలింపవచ్చునని అదే న్యాయపీఠము చెప్పియుండెను. 2012 జనవరి 31న తాయెత్తు విషయమునను ఆ దారినే నడచెను. ఆ వస్తువులను సంపాదించుటకు బాలుడు కాలమును, శ్రమను ధారపోసెను. అవి వాని అధీనములో నుండెను. దొంగలు వానిని అపహరించిరి. కనుక అది దొంగతనమే. దంతవైద్యుని అల్లిక సూది తొంబది యేండ్ల తరువాత ఒక బాలునికి అక్కఱకు వచ్చునని ఎవరు తలతురు!

ఇచ్చట కత్తి చూపిన దొంగలు కనబడుచున్నారు. చాల సందర్భములలో దొంగ కనబడడు. వాని పనితనము నాలుగైదు విధములు. సంస్థ పంపినట్లే నకిలీ ఉత్తరము పంపి పాస్‌వర్డు వ్రాయించుకొనుట ఒకటి. నొక్కిన ప్రతి మీటను రహస్యముగా వ్రాసికొను దొంగ ప్రోగ్రామును ఆటగాని యంత్రములో చేర్చుట రెండవది. వేఱొక చోట బయటపడిన పాస్‌వర్డుల మూటను తెచ్చి, వాటినే ఈ ఆట ద్వారమున వరుసగా ప్రయోగించుట మూడవది. ఇక స్నేహితుల మధ్య జరుగు మోసములకు విద్యయే అక్కఱలేదు. మా పొరుగింటి బాలుడొకడు పరీక్షల దినములలో తన ఆట వెనుకబడకూడదని సహాధ్యాయికి పాస్‌వర్డు అప్పగించెను. పరీక్షలు ముగియునప్పటికి పాస్‌వర్డు మాఱిపోయినది, స్నేహమును మాఱిపోయినది. తాళము వేసితిని, గొళ్లెము మఱచితిని అను సామెత ఇట్టివారి కొఱకే పుట్టియుండును.

కావుననే సంస్థలు చిరకాలము ఒకే పాట పాడినవి: పాస్‌వర్డును కాపాడుకొనుట ఆటగాని పని, పోయిన యెడల మా బాధ్యత లేదు. ఆటలో చేరునపుడు ఎవ్వరును చదువని నిడుపాటి ఒడంబడికలో ఈ మాట తప్పక యుండును. దానిలో సత్యము లేదనను. కాని అర్ధసత్యమును పూర్ణసత్యముగా చలామణి చేయుట యందే చిక్కు కలదు.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అను ఆట 2004 నవంబరులో వెలువడెను. 2010 నాటికి దాని చందాదారులు 1 కోటి 20 లక్షలు దాటిరి. దొంగలును ఆ దామాషాలోనే పెరిగిరి. దానిని నడపు బ్లిజార్డ్ సంస్థ 2008 జూన్ నెలలో ఒక చిన్న పరికరమును ప్రకటించెను. తాళపుచెవుల గుత్తికి తగిలించుకొనదగినంతటిది. మీట నొక్కినపుడెల్ల క్రొత్తగా ఆరంకెల సంఖ్య నొకదానిని చూపును. పాస్‌వర్డుతో పాటు ఆ సంఖ్యను కూడ చెప్పినగాని ఆట తలుపు తెఱవదు. మన బ్యాంకు లాకరునకు రెండు చెవులుండుట అందఱు నెఱుగుదురు. ఒకటి మన కడ, ఒకటి బ్యాంకు వారి కడ. ఇచ్చట మాత్రము రెండు చెవులును ఆటగాని యొద్దనే. రెండవదాని వెల ఆనాడు ఆరున్నర డాలర్లు, అదియు అతడే చెల్లింపవలసి యుండెను. సంస్థ ఖజానాకు కావలి కాయుటకు చందాదారు డబ్బు పెట్టుట నాకు వింతగనే తోచినది. అయినను పరికరము మంచిదే. తరువాత అది ఫోనులలోనికి వచ్చెను. దానిని తగిలించుకొన్న వారికి ఆటలో రెండు తలల కుక్కపిల్ల నొకదానిని బహుమానముగా ఇచ్చిరి. భద్రతను గూర్చి ఎన్ని ఉపదేశములు చేసినను విననివారు కుక్కపిల్ల కొఱకు వినిరి. పదేండ్ల తరువాత, 2018లో, ఫోర్ట్‌నైట్ ఆటవారు రెండవ తాళము పెట్టుకొన్నవారికి ఒక నాట్యభంగిమను కానుకగా ఇచ్చుట ఈ సంప్రదాయములోనిదే. దొంగలును ఊరకుండలేదు. 2010లో ఒక దొంగ ప్రోగ్రాము ఆటగాడు వ్రాయుచుండిన ఆరంకెలను నడుమనే తన్నుకొనిపోయి, ఆ క్షణముననే వాడుకొన్న వార్తలు వచ్చెను.

ఇంతవఱకు కథ ఆటగాని ద్వారము వద్ద జరిగినది. 2011 ఏప్రిలులో దొంగ బోషాణము వద్దకే పోయెను.

సోనీ సంస్థవారి ప్లేస్టేషన్ నెట్‌వర్కు అప్పటికి ప్రపంచములోని పెద్ద ఆటల వేదికలలో ఒకటి. ఏప్రిలు 19న కొన్ని సర్వరులు తమంతట తామే ఆగి మరల మొదలగుచుండుట అచ్చటి ఉద్యోగులు గమనించిరి. 20న వేదిక నంతటిని మూసివేసిరి. తెఱ మీద కనబడినది సేవ నిలిచినదను మాట మాత్రమే. 17, 19 తేదీల నడుమ ఎవరో లోపల ప్రవేశించిరనియు, సుమారు 7 కోట్ల 70 లక్షల ఖాతాల పేరులు, చిరునామాలు, పుట్టినతేదీలు, పాస్‌వర్డులు వారి చేత పడియుండవచ్చుననియు 26వ తేదీన గాని చెప్పలేదు. నడుమ ఆరు దినములు. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొఱిగినవని మనవారందురు. విద్యుద్వేగమున నడచు లోకములో ఆరు దినములు ఆరు నెలలతో సమానము. ఏమి పోయినదో నిర్ధారించుకొనుటకే ఆలస్యమైనదని సంస్థ సమాధానము. పరిశోధనకు వ్యవధి కావలయుననుట నిజమే. ఐనను తన పాస్‌వర్డునే బ్యాంకునకును, ఉత్తరములకును వాడుకొనుచుండిన సామాన్యునికి ఆ ఆరు దినములే ముఖ్యము. మార్చుకొమ్మని చెప్పియుండిన మార్చుకొనియుండెడివాడు.

మే 1న టోక్యోలో ఆ సంస్థ ఆటల విభాగపు అధిపతి కజువో హిరాయి మఱి యిద్దఱు అధికారులతో పత్రికల వారి యెదుట తలవంచి క్షమాపణ చెప్పెను. మఱునాడే మఱియొక దుర్వార్త: ఆ సంస్థదే యైన ఇంకొక ఆటల శాఖలో 2 కోట్ల 46 లక్షల ఖాతాలు చిక్కినవి. అమెరికా ప్రతినిధిసభ ఉపసంఘము ప్రశ్నలు పంపెను. వేదిక మే నెల మధ్యనుండి దేశదేశములలో క్రమముగా తెఱువబడెను. నొచ్చిన ఆటగాండ్రకు కొన్ని ఆటలను ఉచితముగా ఇచ్చిరి.

బాధ్యతను గూర్చిన విచారణ అటుపిమ్మట రెండు దేశములలో రెండు దారుల నడచుట చూడదగినది. బ్రిటనులోని సమాచార రక్షణాధికారి 2013 జనవరిలో సోనీకి రెండున్నర లక్షల పౌనుల జరిమానా విధించెను. ప్రోగ్రాములను ఎప్పటికప్పుడు సరిచేసికొనియుండిన యెడల ఈ దాడిని నివారింపవచ్చుననియు, పాస్‌వర్డులు దాచిన తీరు సురక్షితము కాదనియు ఆ అధికారి నిర్ణయము. సంస్థ మొదట పైకి పోయెదమనెను. తమ భద్రతా రహస్యములు బయటపెట్టవలసివచ్చునని చెప్పి తరువాత విరమించెను. అమెరికాలో ఆటగాండ్రు ఉమ్మడిగా వేసిన వ్యాజ్యములో 2012లో న్యాయమూర్తి పలు ఆరోపణలను కొట్టివేసెను. తమ రక్షణ పరిపూర్ణము కాదని సంస్థ ఒడంబడికలో ముందే చెప్పియున్నది కదా యనుట కారణములలో ఒకటి. 2014లో మిగిలిన వివాదము కోటి యేబది లక్షల డాలర్ల విలువకు రాజీ యయ్యెను; అందు అధికభాగము రొక్కము కాదు, ఆటలును సేవలును. ఈ నడుమ, 2011 సెప్టెంబరులో, ఇకమీద ఆటగాండ్రు ఉమ్మడి వ్యాజ్యములు వేయరాదను క్రొత్త షరతును ఒడంబడికలో చేర్చిరి. ఇల్లు దోచుకొనబడిన తరువాత తలుపునకు గడియ బిగించుట లోకమెఱిగినది. ఇచ్చట న్యాయస్థానపు తలుపునకు గూడ గడియ బిగించిరి.

న్యాయముగా చెప్పవలెనన్న ఆటగాని పాలు కూడ చెప్పవలెను. అదే సంవత్సరము అక్టోబరులో సోనీ సుమారు 93,000 ఖాతాలను తాత్కాలికముగా మూసివేసెను. ఈ మాఱు బోషాణము పగులలేదు. వేఱెచ్చటనో పోయిన పాస్‌వర్డుల జాబితాను తెచ్చి ఎవరో ప్రయోగించిచూడగా, అన్నిచోట్ల ఒకే మాట వాడిన ఇందఱి తలుపులు తెఱచుకొన్నవి. ఏప్రిలునాటి తప్పునకును అక్టోబరునాటి తప్పునకును భేదము కలదు. ఒక ఆటగాడు నిర్లక్ష్యము చేసినచో వాని సొత్తు పోవును. సంస్థ నిర్లక్ష్యము చేసినచో జాగ్రత్తపరుని సొత్తును, అజాగ్రత్తపరుని సొత్తును ఒక్కటిగానే పోవును. పాలు ఇద్దఱికిని ఉన్నది. సమపాలు మాత్రము కాదు.

దొంగిలింపబడిన వస్తువును తిరిగి యిమ్మని బీజింగు న్యాయస్థానము చెప్పినది కదా, అదియైనను సులభమా? స్టీమ్ అను పెద్ద అంగడిని నడపు వాల్వ్ సంస్థ 2015 డిసెంబరులో ఒక సంగతి వెల్లడించెను. నెలకు సుమారు 77,000 ఖాతాలు దొంగల పాలగుచున్నవట. పోగొట్టుకొన్నవారు అమాయకులు మాత్రమే కారు. ఆరితేఱిన క్రీడాకారులును, నిత్యము వస్తువులు మార్చుకొను వ్యాపారులును అందులో గలరు. పోయిన వస్తువునకు బదులు ఇంకొకటి సృష్టించి యిచ్చుట సంస్థకు క్షణముపని. కాని దొంగ దానిని అప్పటికే ఎవరికో అమ్మియుండును, కొన్నవాడు నిరపరాధి. ఒక్కటిగా నుండవలసిన అపురూప వస్తువు రెండగును, అట్టివి పెరిగిన కొలది తక్కినవారి సొత్తు విలువ తగ్గును. కాగితపు నోట్లు విచ్చలవిడిగా అచ్చువేసినచో ఏమగునో ఇచ్చటను అదియే. అందుచే వారు వేఱొక ఉపాయము పన్నిరి. ఫోనులో రెండవ తాళము లేనివారు వస్తువును ఇతరులకు ఇచ్చినచో అది ఆనాటి నియమము ప్రకారము మూడు దినముల వఱకు నడుమ నిలిచియుండెడిది. ఆ లోపల యజమాని మేలుకొనవచ్చును.

మన దేశమున 2008లో సవరించిన సమాచార సాంకేతిక చట్టము ఒకరి పాస్‌వర్డును మోసముతో వాడినవానికి మూడేండ్ల వఱకు ఖైదు, లక్ష రూపాయల వఱకు జరిమానా విధించుచున్నది. అది దొంగను గూర్చినది. కావలివానిని గూర్చి 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టములో ఉన్నది: తగిన రక్షణ చర్యలు తీసికొనని సంస్థకు 250 కోట్ల రూపాయల వఱకు దండన. లాకరుల విషయమున మన సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలోనే బ్యాంకులు చేతులు కడిగికొనరాదని చెప్పినది. రిజర్వు బ్యాంకు 2022 జనవరి 1నుండి అమలుపఱచిన నిబంధనల ప్రకారము దొంగతనమో, అగ్నిప్రమాదమో, ఉద్యోగుల మోసమో సంభవించినచో బ్యాంకు ఏటి అద్దెకు నూఱు రెట్ల వఱకు చెల్లింపవలసి యుండును. లోపల ఏమి దాచినారో బ్యాంకునకు తెలియదు. అయినను బాధ్యత తప్పలేదు. ఆటల సంస్థకు లోపలి వస్తువుల పట్టిక ఆసాంతము తెలియును.

సోనీవారి మాట ఒకటి మిగిలిపోయినది. బ్లిజార్డ్ 2008లోనే అమ్మజూపిన ఆ రెండవ తాళమును, 7 కోట్ల 70 లక్షల ఖాతాలు చిక్కిన 2011 తరువాతనైనను, ప్లేస్టేషన్ నెట్‌వర్కులో వెంటనే పెట్టలేదు. ఆటగాండ్రు ఏటేట అడుగుచునే యుండిరి. అది వారికి లభించినది 2016 ఆగస్టులో.